ముక్కల్లో ఉన్న పత్రం

తెరపై ఒక్కటిగా కనిపించే వ్యాసం కంప్యూటర్ మెమరీలో ఒక్కచోట ఉండకపోవచ్చు. 1974లో జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ, వారి సహచరులు రూపొందించిన బ్రావో ఎడిటర్ 'పీస్ టేబుల్' (ముక్కల పట్టిక) పద్ధతిలో పనిచేసింది. తర్వాత మైక్రోసాఫ్ట్ వర్డ్ కూడా అదే దారి పట్టింది.

ఈ పద్ధతిలో తెరిచిన ఫైలును ముట్టుకోరు. కొత్తగా టైపు చేసిన అక్షరాలు వేరే బఫర్ (మెమరీలోని నిల్వ చోటు) చివర చేరుతుంటాయి. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎంత పొడవుంటుందో చెప్పే పట్టిక ఒక్కటే మారుతుంది. వాక్యాన్ని చెరిపేసినా అక్షరాలు పోవు, పట్టికలో వాటి ప్రస్తావన పోతుంది. అన్‌డూ అంత తేలిక కావడానికి కారణం ఇదే.

మరి పత్రం ఏది?

బౌద్ధ గ్రంథం మిలింద పన్హలో నాగసేనుడనే భిక్షువు మిలింద రాజును ఇలాగే నిలదీశాడు: రథమంటే ఇరుసా, చక్రాలా? భాగాలను ఆధారం చేసుకుని పెట్టుకున్న పేరే రథమని ఆయన తేల్చాడు. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఇలాంటి వాదాన్ని ఒప్పుకోలేదు. అవయవాల్లో, అంటే భాగాల్లో, ఉంటూనే వాటికి భిన్నమైన అవయవి, అంటే మొత్తం, నిజంగా ఉందన్నారు. లేకుంటే వస్తువును ఒక కొస పట్టి లాగితే మొత్తం ఎలా కదులుతుంది?

ప్రోగ్రామరుకు ఈ ముక్కలా, మొత్తమా అన్న ప్రశ్న రోజువారీ చిక్కు. మాటలో సగాన్ని బోల్డ్ చేస్తే ముక్క రెండవుతుంది. వెతికినప్పుడు మాత్రం ఆ మాట ఒక్కటిగానే దొరకాలి. నిల్వ వరకు నాగసేనుడిదే పైచేయి. కానీ సేవ్ చేసి మళ్లీ తెరిస్తే ముక్కల హద్దులన్నీ మారిపోవచ్చు. అయినా రాసినవారు తమ వ్యాసాన్ని ఇట్టే గుర్తుపడతారు. ఆ గుర్తింపును ఉత్త పేరని కొట్టిపారేయడం తొందరపాటే. ఇక్కడ నైయాయికుల ప్రశ్నకు ఇంకా బలముంది.