ఏటి దారిలో కవరు

తీరంలో చెత్త ఏరడం మంచి పనే, ఫొటోలకీ బాగుంటుంది. కానీ సముద్రాన్ని కాపాడే పని ఊళ్లోనే మొదలవ్వాలి. ఒడిశా కొండల్లో పుట్టిన నాగావళి శ్రీకాకుళం పట్టణం మీదుగా వచ్చి కళ్లేపల్లి దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, విజయనగరం వైపు చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తాయి. టిఫిన్ బండి దగ్గర వేడి సాంబారు కట్టిచ్చిన పల్చటి కవరు మురుక్కాలవలో పడితే, గట్టి వానకి గెడ్డలోకి, అక్కణ్ణించి ఏట్లోకి కొట్టుకుపోతుంది. ఉప్పునీటిలో అది కుళ్లదు. ఎండకి పెళుసెక్కి ముక్కలవుతుంది. ఈలోగా జెల్లీఫిష్ అనుకుని, మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు దాన్ని మింగొచ్చు.

మరి తెగిన నైలాన్ వలల మాటేమిటి? అవీ ప్రాణాలు తీస్తాయి, నిజమే. అయితే వల మత్స్యకారుడి పెట్టుబడి, కావాలని పారేసుకోడు. పాత వలని రేవులోనే కొనే ఏర్పాటుంటే ఒడ్డుకొస్తుంది. కవరుకి ఆ విలువ లేదు, అదే చిక్కు. 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషిద్ధం. చిల్లర వ్యాపారి పొట్ట కొట్టొద్దన్న అభ్యంతరం న్యాయమైనదే. కవరు తయారుచేసేది అతను కాదు కదా! జరిమానా ముందు తయారీదారుకీ, టోకు కొట్టుకీ పడాలి. గిన్నె తెచ్చుకునే ఖాతాదారుంటే బండివాడికి కవరు ఖర్చు మిగులుతుంది కూడా. 2025 ఆగస్టులో జెనీవాలో ప్రపంచ దేశాలు ప్లాస్టిక్ ఒప్పందం కుదరకుండానే లేచిపోయాయి. ఉత్పత్తికి పరిమితి పెట్టడం దగ్గరే పెద్ద పేచీ. మన మున్సిపాలిటీలు అందాకా ఆగక్కర్లేదు. కాలవలు ఏట్లో కలిసే చోట వానలకి ముందే ఇనుప జాలీలు బిగించి, పేరుకున్నది వారం వారం ఎత్తించవచ్చు.