గూడుబండి వెనక

మా నాయనమ్మ గూడుబండి నలభై ఏళ్ళు పశువుల కొట్టంలో పడి ఉంది. ఉయ్యూరు దాటాక బందరు కాలువ పక్కన మా ఊరు. 1980ల మొదట్లో ట్రాక్టరు కొన్నాక ఎడ్లను అమ్మేశారు. బండిని ఎవరూ కొనలేదు, ఎవరూ పారెయ్యనూ లేదు. దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టేవి, దాని మీద పాత గోనెసంచులు పేరుకునేవి. రెండేళ్ళ క్రితం కొట్టం పడగొడదామనుకున్నప్పుడు మా పెదనాన్న కొడుకు, "చక్రాలు రిసార్టుల వాళ్ళు కొంటారు, గోడకి తగిలించుకుంటారు. మిగతాది పొయ్యిలోకి" అన్నాడు. నేను వద్దన్నాను. బాగు చేయిస్తానన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే స్పష్టంగా తెలీదు. ఇప్పుడు రాస్తున్నది ఆ 'ఎందుకు' గురించే.

ఆ ఆలోచన కొంత అమెరికా నుంచి వచ్చింది. అక్కడుంటున్న మా పిన్ని కూతురూ, ఆమె భర్తా కలిసి 1960ల నాటి ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ ఒకటి కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే అల్యూమినియం ఇల్లు అది. ఎవరి దొడ్లోనో ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పడి ఉన్నదాన్ని తెచ్చి, శని ఆదివారాలు కూర్చుని, కుళ్ళిన నేలచెక్కలు మార్చి, పైకప్పు కారకుండా అతికి, మళ్ళీ రోడ్డెక్కించారు. ఆ ఫొటోలు చూస్తుంటే మనకీ అలాంటిది ఒకటుంది కదా అనిపించింది. గూడుబండి కూడా చక్రాల మీద ఇల్లే. తొట్టి మీద వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, లోపల గడ్డి పరిచి, దాని మీద బొంత వేసేవారు. ముందొక తెర, వెనకొక తెర.

తేడా ఆ తెరల దగ్గరే ఉంది. కోస్తాలో కొన్ని భూస్వామ్య కుటుంబాలు తమ ఆడవాళ్ళు 'ఇల్లు వెళ్ళని' వాళ్ళని గొప్పగా చెప్పుకునేవి. ఇల్లు వెళ్ళని ఆడవాళ్ళయినా పెళ్ళికీ పురిటికీ చావుకీ వెళ్ళక తప్పదు. అందుకని ఇంటినే వాళ్ళ వెంట పంపేవారు. నా కజిన్ ఇంట్లోంచి బయటపడడానికి ఇంటిని లాక్కెళ్తోంది. మా నాయనమ్మని బయటికి పంపినా ఇంట్లోనే ఉంచడానికి ఆ బండి తయారైంది. అలాంటి వస్తువుని బాగు చేయించడం అంటే దేన్ని బాగు చేయించడం?

వడ్రంగి మేస్త్రీ దొరకడమే కష్టమైంది. ఇప్పుడాయన చేసేది తలుపులూ కిటికీలూ. బండి పని చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్నదే. వచ్చి చూసి లెక్క చెప్పాడు. ఇరుసు బాగుంది. ఒక చక్రానికి కుండ పగిలింది, ఆకుల్లో సగం పుచ్చిపోయాయి, పూటీలు నాలుగు మార్చాలి. నొగ ఒకటి విరిగింది. గూడు మొత్తం కొత్తది కట్టాలి. నల్లతుమ్మ కర్ర తెప్పించాం. ఇనప పట్టా ఎక్కించే రోజు పక్క ఊరినుంచి కమ్మరి వచ్చాడు. పట్టా చుట్టూ పిడకలు పేర్చి కాల్చి, అది సాగి ఎర్రబడ్డాక పటకార్లతో పట్టుకొచ్చి చక్రానికి తొడిగి, సుత్తులతో కొట్టి, నీళ్ళు గుమ్మరించారు. ఇనుము ముడుచుకుంటుంటే లోపలి కర్రలన్నీ కిర్రుమంటూ ఒకదాన్నొకటి బిగించుకున్నాయి. ఒక్క మేకు లేకుండా చక్రం బిగుసుకోవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఇన్ని మార్చాక ఇది మా నాయనమ్మ బండేనా అన్న అనుమానం సహజంగానే వచ్చింది. సాహిత్యం చదువుకున్న వాళ్ళకి ఈ ప్రశ్న పాతదే. తెసియస్ ఓడలో కుళ్ళిన చెక్కలు ఒక్కొక్కటే మార్చుకుంటూ ఏథెన్సు ప్రజలు దాన్ని నిలబెట్టుకున్నారనీ, అది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు వాదించుకున్నారనీ ప్లూటార్క్ రాశాడు. తీసేసిన పాత చెక్కలన్నీ పోగుచేసి ఎవరైనా ఇంకో ఓడ కడితే అసలు ఓడ ఏదని 17వ శతాబ్దంలో హాబ్స్ మరో మెలిక పెట్టాడు. మనకి దగ్గరి ఉదాహరణ బౌద్ధుల 'మిళింద పన్హా'లో ఉంది. రథమెక్కి వచ్చిన మిళింద రాజుని నాగసేనుడు అడుగుతాడు: నొగ రథమా? ఇరుసు రథమా? చక్రాలా? కాడా? ఏదీ కాదు. అన్నీ కలిస్తేనా? అదీ కాదు. వీటిని ఆధారం చేసుకుని మనం వాడే పేరు మాత్రమే రథం. 'నేను' కూడా అంతే అంటాడు.

చాలాకాలం ఈ సంభాషణ నాకెంతో ఇష్టం. బండి బాగు చేయిస్తున్నప్పుడు మొదటిసారి అందులో ఒక లోటు కనిపించింది. నాగసేనుడి జాబితాలో రథం భాగాలన్నీ ఉన్నాయి. ఎక్కి కూర్చున్న రాజుకి రథం ఎంత నిజమో, దాని వెనక దుమ్ములో నడిచొచ్చిన మనిషికీ అంతే నిజం కదా? ఆ మనిషి ఆ జాబితాలో ఎందుకు లేదు?

ఈ ప్రశ్న నాకు నేనుగా తట్టిందని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అది తట్టేలా చేసింది ఒక బెజ్జం.

బండి వెనక పలకకి కుడివైపు, బొటనవేలు పట్టేంత బెజ్జం ఉంది. అంచులు నునుపుగా అరిగిపోయాయి. మేస్త్రీ లప్పం పెట్టి పూడుస్తానన్నాడు. నేను ఆపాను. తొట్టిలోకెక్కి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ బెజ్జంలోంచి చూశాను. వెనక దారి కనిపించింది. పదిహేనేళ్ళకి పెళ్ళయి, తెరల మధ్య కూర్చుని, పుట్టింటికీ అత్తింటికీ తిరిగిన మా నాయనమ్మ ఇందులోంచే లోకాన్ని చూసి ఉంటుందని నిశ్చయించుకున్నాను. నా పీహెచ్‌డీ అంతా స్త్రీల ప్రయాణాల గురించే. పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబ 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టడం, ఆ తర్వాత ఊరూరా తిరిగి స్త్రీలను కూడగట్టడం నా రెండో అధ్యాయం. బయటికొచ్చి చరిత్రకెక్కిన అచ్చమాంబ ఒక వైపు, బెజ్జంలోంచి చూసిన నాయనమ్మ ఇంకో వైపు. అప్పుడే మనసులో వ్యాసం రాసేసుకున్నాను.

గూడు కడుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆవిడ వచ్చింది. మా ఇంట్లో పాలేరుగా చేసి, ఈ బండి తోలిన ఆయన కూతురు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. మా చిన్నప్పుడు ఆవిడని ఇంట్లో అందరూ పేరు పెట్టి 'ఏమే' అని పిలిచేవారు. పదేళ్ళ పిల్లలం మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఇప్పుడేమని పిలవాలో తెలీక ఏమీ పిలవకుండానే, "రండి, కూర్చోండి" అన్నాను. ఆవిడ నన్ను 'పాపగోరూ' అనే అంది. కూర్చోలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బెజ్జం దగ్గర ఆగింది.

"ఇది పూడ్చలేదే?"

"మా నాయనమ్మ ఇందులోంచి బయటికి చూసేదేమో" అన్నాను.

ఆవిడ నవ్వింది. "మీ నాయనమ్మగారికి బెజ్జం ఎందుకమ్మా, తెర తొలగించుకు చూడలేకా? ఇది మా అయ్య పెట్టింది. లాంతరు తాడుకి. పొద్దుగూకితే వెనక నడిచే మా అమ్మకి దారి కనపడొద్దూ?"

వాళ్ళమ్మ మంత్రసాని. ఇంటి ఆడపిల్లల్నీ కోడళ్ళనీ పురిటికి పంపేటప్పుడు దారిలో నొప్పులొస్తాయేమోనని ఆమెని తోడు పంపేవారు. తోడు అంటే బండి వెనక నడవడం. ఆ పుట్టింటి ఊరు ఎనిమిది మైళ్ళు. ఒక్కోసారి ఈవిడ కూడా తల్లి కొంగు పట్టుకుని నడిచేదట. మా నాన్న పుట్టినప్పుడు మొదట పట్టుకున్న చేతులు ఆమెవే అని అప్పుడు తెలిసింది. లోకంలోకి వస్తున్న బిడ్డని ఆమె ముట్టుకోవచ్చు. బండిలో గడ్డి మీద కూర్చోకూడదు. 'అంటు' అనే మాటకున్న తర్కమంతా ఆ ఎనిమిది మైళ్ళలో ఉంది.

నేను సిగ్గుపడ్డాను. కుల వ్యవస్థ గురించి కొత్తగా తెలుసుకున్నందుకు కాదు, అది పుస్తకాల్లో చదివిందే. అంబేద్కర్ 'వీసా కోసం నిరీక్షణ'లో 1901 నాటి తన చిన్ననాటి ప్రయాణం గురించి రాశాడు. తండ్రి దగ్గరికి బయలుదేరిన పిల్లలు మసూర్ స్టేషన్లో దిగారు. మహర్లని తెలిసేసరికి ఒక్క బండివాడూ రానన్నాడు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే తోలుకుంటే తాను పక్కన నడిచొస్తానని. అది పాఠం చెప్పిన దాన్ని నేను. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ తన 'క్లిపర్' ట్రైలర్ని 1936లో తెచ్చింది. అదే ఏడాది న్యూయార్కులో విక్టర్ గ్రీన్ అనే నల్లజాతి తపాలా ఉద్యోగి, నల్లవాళ్ళు దారిలో ఎక్కడ ఆగితే అన్నమూ పక్కా దొరుకుతాయో చెప్పే 'గ్రీన్ బుక్' మొదలుపెట్టాడు. అది 1960ల దాకా వచ్చింది. ఒకే రోడ్డు మీద ఇద్దరి ప్రయాణం ఒకటి కాదని అందరికీ చెప్తూనే ఉన్నాను. బండ్ల కాలం పోయినా ఆ లెక్క పోలేదనీ తెలుసు. 1991 ఆగస్టు 6న దళితులను ఊచకోత కోసిన చుండూరు ఈ డెల్టాలోదే. ఆ గొడవకి మొదలుగా చెప్పేది సినిమా హాల్లో కాలు తగలడం.

ఇన్ని తెలిసీ, ఎదురుగా ఒక బెజ్జం కనిపిస్తే దాన్ని మా నాయనమ్మ పేర రాసేశాను. నా సిగ్గు అందుకు. నాకొక అణగారిన పూర్వీకురాలు కావాలి. ఆవిడ దొరికిందనుకున్నాక వెతకడం మానేశాను. నాయనమ్మ బతుకు తేలికైందని అనడం లేదు. తెర తొలగించే స్వేచ్ఛ ఆవిడకి నిజంగా ఎంత ఉండేదో చెప్పడానికి ఆవిడ లేదు. ఒక స్త్రీ మౌనం గురించి రాస్తూ ఇంకో స్త్రీకి చెందిన వస్తువుని లాక్కోవడం నాకు ఎంత సులువుగా, ఎంత ప్రేమగా సాధ్యమైందో అదే నన్ను భయపెట్టింది. ఆ బెజ్జం ఒక పాలేరు తన భార్య కాళ్ళ కోసం పెట్టింది. కుటుంబ ప్రేమ మా వైపే ఉన్నట్టు, వాళ్ళ వైపు శ్రమ మాత్రమే ఉన్నట్టు ఎన్ని వ్యాసాల్లో రాసి ఉంటానో!

పాతదాన్ని బాగు చేయడమంటే పూర్వం ఎలా ఉందో అలా చేయడం అంటారు. ఎవరికి ఎలా ఉందో అలా? లోపల కూర్చున్న వాళ్ళకా, వెనక నడిచిన వాళ్ళకా? మొత్తం పోలిష్ పెట్టి తెరలు కట్టి నిలబెడితే అది అందమైన అబద్ధం. పొయ్యిలో పెడితే సాక్ష్యం పోతుంది. పోతే ఎవరికి లాభమో తెలుసు. అందుకని బండిని ఉంచడం సరైందనే ఇప్పటికీ అనుకుంటున్నాను, దాని గురించి చెప్పే కథని నా ఒక్కదాని చేతిలో ఉంచుకోనంతవరకు. మా అన్నయ్య పెళ్ళి ఫొటోలకి అద్దెకిద్దామన్నాడు. ఒప్పుకోలేదు. తెరలు వేయించలేదు. కొత్త పూటీలకి రంగు వెయ్యలేదు, ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి. బెజ్జం అలాగే ఉంది.

ఆవిడని బండెక్కమని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "ఇప్పుడెక్కి ఎక్కడికెళ్ళాలమ్మా? బస్సుంది" అంది. అరిగిపోయిన ఆకులూ పూటీలూ మూలన పేర్చి ఉంటే, "ఇయ్యి మీకు పనికొస్తయ్యా?" అని అడిగింది. రావన్నాను. మనవణ్ణి పిలిచి మోపు కట్టించింది. తుమ్మకర్ర బాగా మండుతుందట. హాబ్స్ అడిగిన రెండో ఓడ వాళ్ళ పొయ్యిలోకి వెళ్ళింది.

వెళ్తూ వెళ్తూ, "దీనికెంతయింది పాపగోరూ?" అంది.

నలభై రెండు వేలయింది. ఇరవై అన్నాను.

ఆవిడ తలూపింది. నమ్మిందో లేదో తెలీదు. మంత్రసానిగా వాళ్ళమ్మకి మా ఇంట్లో ఏమిచ్చేవారని ఆ నోటితోనే అడగాలనుకుని అడగలేకపోయాను. ఆ ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాళ్ళింటికి నేనే వెళ్ళాలి. ముందు నిజమైన లెక్క చెప్పి, తర్వాత అది అడగాలి. ఏమని పిలవాలో కూడా ఆవిడనే అడగాలి.