ఎండేది బాబూ?

ఫొటో కింద 'ఎడిటింగ్ చెయ్యలేదు' అని గొప్పగా రాసుకునేవాళ్ళ మాట నేను నమ్మను. కెమెరా మీటరుకు తెల్లకొంగా తెలియదు, గేదే తెలియదు. ఎదురుగా ఏమున్నా దాన్ని నడిమి బూడిద వైపు లాగుతుంది. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతుల గుంపు ఫ్రేము నిండా ఉంటే రెక్కలు మాసినట్టు వస్తాయి. అదే కెమెరా బురదలో పడుకున్న గేదెను వెలిసిపోయిన నలుపులోకి తెస్తుంది. ఫోన్లయితే మరీను. బొత్తం నొక్కేసరికి పలు ఫ్రేములు తీసి, కలిపేసి, నీడలు ఎత్తి, ఆకాశం వెలుగు దించి మన చేతికిస్తాయి. ఎవరూ ముట్టుకోని ఫొటో అంటూ లేదు. ముట్టుకున్నది మనిషా, యంత్రమా అన్నదే తేడా.

అంతవరకు నాకు ఏ సందేహమూ లేదు. తొలిచేది ఆ తర్వాతి మాట. 'నేను చూసినట్టు వచ్చేదాకా సరిచేస్తాను' అంటాం కదా, అసలు చూసిందేమిటి? చూరు కింద నిలబడ్డ మనిషినీ వాకిట్లో ఎండనీ కన్ను ఒక్కసారే చూడదు. దీన్ని కాసేపు, దాన్ని కాసేపు, సర్దుకుంటూ చూస్తుంది. రెండూ సమానంగా కనబడ్డ క్షణం అసలు లేదు. ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాక నేను చూశాననుకునేది అప్పటికే మనసు కూర్చిపెట్టుకున్న బొమ్మ. ఇష్టమైన మనిషి అయితే అందులో వెలుగు ఇంకాస్త ఎక్కువే ఉంటుంది.

కొల్లేటి లంకల్లో ఒక ఊళ్ళో చేపలు పట్టే పెద్దాయనకు ఒకప్పుడు ఫొటో తీశాను. నడి మధ్యాహ్నం. తాటిదోనెలో నిలబడి గెడ వేస్తున్నాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. దాని నీడ నుదుటి నుంచి చెంపల దాకా దిగి ఉంది. భుజాల మీద మాత్రం ఎండ తెల్లగా మండుతోంది. ఆయన పోయాక కొడుకు ఫోన్ చేశాడు. "నాన్నకి మంచి ఫొటో అదొక్కటేనండి. దండ వెయ్యాలి. మొహం కనబడేలా చెయ్యండి. కాస్త తెలుపు కూడా చేస్తే బాగుంటుందండి."

కెమెరా దాచిన ముడి సమాచారమున్న రా ఫైలు తెరిచి షాడోస్ ఎత్తాను. చీకట్లోంచి ముడతలు వచ్చాయి, గడ్డం మీద నెరిసిన మొలకలు వచ్చాయి. భుజాల మీద మంటను దించాను. ఇంతకాలం ఆ ఫైలులో ఉండి కూడా కనబడని మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అచ్చు వేయించే ముందు వాళ్ళకు చూపిద్దామని లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. కొడుక్కి నచ్చింది. ఆయన భార్య, డెబ్బై దాటిన మామ్మ, దగ్గరికి జరిగి చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది: "ఎండేది బాబూ? కళ్ళు చికిలించుకునున్నాడుగా. ఎండ లేకుండా ఎందుకు చికిలిస్తాడు?"

నిజమే. నీళ్ళ మీంచి కొట్టిన ఎండకే ఆ కళ్ళు ముడుచుకున్నాయి. నేను ఎండను తీసేసి ముడతను ఉంచాను. ఫలితం మిగిలింది, కారణం పోయింది.

ఆ రోజు నాకో సూత్రం దొరికిందనుకున్నాను. వెలుగు ఒంటి మీద వదిలిన గుర్తులకూ ఫొటోలోని వెలుగుకూ పొంతన ఉన్నంతవరకే చెయ్యి సాగాలి. టోన్ మారిస్తే ఏం పోతుంది అనేవాళ్ళు 1994 జూన్ నాటి టైమ్ పత్రిక ముఖచిత్రం చూడాలి. హత్య కేసులో అరెస్టయిన నల్లజాతి ఆటగాడు ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోలో మొహాన్ని నల్లబరిచి వేశారు. అదే వారం అదే ఫొటోను న్యూస్‌వీక్ నల్లబరచకుండా వేసింది కాబట్టి జనం రెండూ పక్కపక్కన పెట్టి చూడగలిగారు. విచారణ మొదలవకముందే నలుపు పెరిగింది.

మన దగ్గర జరిగేది దీనికి తిరగేసిన పని. స్టూడియోల్లో నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో రీటచింగ్ చేసిన రోజుల నుంచీ పెళ్ళికూతుళ్ళనూ పోయినవాళ్ళనూ తెల్లబరుస్తూనే ఉన్నాం. దాన్ని నేను ఒప్పుకోను. అలాగని నీడ ఎత్తడమంతా తెల్లబరచడమే అంటే అదీ ఒప్పుకోను. కొడాక్ రంగు ఫిల్ము దశాబ్దాల పాటు తెల్లవాళ్ళ చర్మానికి సరిపోయేలా తయారైంది. గోధుమరంగు ఛాయలు సరిగా రావడం లేదని గట్టిగా అడిగింది చాక్లెట్ల కంపెనీలూ చెక్క సామాన్ల కంపెనీలూనని అక్కడ పనిచేసినవాళ్ళే చెప్పారు. నల్లటి మొహాలు ముద్దలా రావడం అంతవరకు ఆ కంపెనీకి లోపంగా తోచలేదు! అలాంటి చీకట్లోంచి ఒక మొహాన్ని బయటికి తేవడం న్యాయమే. నీడ తియ్యడం వేరు, రంగు తియ్యడం వేరు. చిక్కంతా సాఫ్ట్‌వేరులో ఆ రెండూ ఒకే మీట మీద కదలడం.

మామ్మ మాట పట్టుకుని రెండో ప్రతి చేశాను. తువ్వాలు నీడ సగం తిరిగొచ్చింది, భుజాల మీద ఎండ తిరిగొచ్చింది. నా దృష్టిలో అదే సరైనది. రెండూ అచ్చు వేయించి ఇచ్చాను. పెద్దకర్మ నాడు వెళ్ళి చూస్తే గోడ మీద మొదటిదే ఉంది. హాల్లో ఒక్కటే ట్యూబ్‌లైటు, అదీ ఎదురు గోడకు. ఆ వెలుగులో నా రెండో ప్రతి గడప దగ్గర నుంచి చూస్తే నల్లటి మచ్చ. ఎక్కడెక్కడి లంకల నుంచో వచ్చిన చుట్టాలు గడపలోనే ఆగి ఆయన్ని గుర్తుపట్టి ఏడుస్తున్నారు. "ఇక్కడికి ఇదే బాగుంది బాబూ" అంది మామ్మ, ఎండేదని అడిగిన మనిషే. ఫొటో తీసిన వెలుగు గురించి అన్నేళ్ళు ఆలోచించాను గానీ, అది బతకబోయే వెలుగు గురించి ఆలోచించలేదు. నా సూత్రం ఆ హాల్లో పనికిరాలేదు.

అయితే ఆ ఇంట్లో అడగడానికి మనుషులున్నారు. కొల్లేటికి ఎవరున్నారు? మా ఊరు చింతలపూడి పక్కనుంచి దిగే తమ్మిలేరు ఏలూరు దాటి అందులోనే కలుస్తుంది. ఆ సరస్సు మా మెట్ట నీళ్ళు కూడా మోస్తోంది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. గట్లు ఎక్కడిదాకా ఉన్నాయి, నీళ్ళెలా ఉన్నాయి అన్న తగవు ఇప్పటికీ తీరలేదు. ఇక ఫొటోల్లో చూస్తేనో, కొల్లేటి నీళ్ళు నీలంగా, బంగారంగా మెరుస్తుంటాయి. దగ్గరికి వెళ్తే చాలాచోట్ల చిక్కటి పచ్చ, గుర్రపుడెక్క, కుళ్ళిన ఆకు. నీళ్ళు కళ్ళు చికిలించవు. వాటి రంగే వాటి సాక్ష్యం.

అందుకే మనుషుల ఫొటోల్లో చొరవ చేస్తాను, నీళ్ళ దగ్గర చెయ్యను. కొంగ రెక్కను ఆనవాలుగా పెట్టుకుని తెలుపు కుదురుస్తాను. తెల్లవారుజామున ఆ రెక్కే గులాబీగా ఉంటుంది కాబట్టి అదీ పూర్తిగా నమ్మదగ్గ కొలత కాదు. ఎక్స్‌పోజర్ పెంచుతాను, పొగమంచును ఉన్నంతా ఉంచుతాను. పచ్చ మీద చెయ్యి వెయ్యను. ఫొటో ఎవరికి ఇచ్చినా కింద తేదీ, ఊరు, ఏం మార్చానో రెండు ముక్కలు రాసిస్తాను. అందం తగ్గిందని కొందరు వెనక్కి పంపుతారు. పంపనీ.