రెండు జెండాల మాట

పంద్రాగస్టు నాడు ఆశ్రమ పాఠశాలలో మన పిల్లలు ఒక్క గొంతుతో అప్పజెప్పే మాటలు మనందరికీ తెలుసు. కాషాయం త్యాగానికి, తెలుపు శాంతికి, ఆకుపచ్చ పాడిపంటలకు. ఈ అర్థాలు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో మనం ఎన్నడైనా అడిగామా? జెండాకు అర్థం పెట్టేది మనుషులే. పెట్టిన అర్థాన్ని మార్చిందీ మనుషులే.

1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీకి చూపిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ రెండే రంగులు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు. మిగిలిన మతాలవారికని గాంధీ తెలుపు చేర్పించారు. ఆ లెక్కలో గోండు, కోయ, సవర ఎక్కడ? 'మిగిలినవాళ్ల'లోనే అనుకోవాలి. 1931లో కాంగ్రెస్ ఎరుపును తీసి కాషాయం పెట్టి, రంగులకు మతాలతో సంబంధం లేదని తేల్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం చోట అశోకుని చక్రాన్ని నిలిపింది. ఆ రోజు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆకుపచ్చకు చెప్పిన అర్థం వేరు. నేలతో మన సంబంధం, ప్రాణులన్నీ ఆధారపడే చెట్టుచేమలతో మన సంబంధం అన్నారు. పాడిపంటల కంటే ఇది మనకు దగ్గర. ఎందుకో బడిలో ఇది వినబడదు.

అదే రోజు అదే సభలో జైపాల్ సింగ్ ముండా లేచారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు నాయకుడు ఆయన. మూడు రంగుల జెండాను సంతోషంగా ఒప్పుకుంటూనే ఆయన ఇంకో సంగతి గుర్తుచేశారు: ఆదివాసీ ఊళ్లకు తమ జెండాలు ఎప్పటినుంచో ఉన్నాయి, ఒకరి జెండాను మరొకరు పెట్టుకోరు, దాని పరువు కోసం ప్రాణమైనా ఇస్తారు. ఇకమీదట తమకు రెండు జెండాలని చెప్పారు.

ఆయన చెప్పింది ఛోటానాగపూర్ సంగతి. మన కోయలకు పడిగె ఉంది. మూడు మూలల ఆ గుడ్డ మీద గట్టు పెద్దల కథ బొమ్మల్లో ఉంటుంది. చూసినంత మాత్రాన అది అర్థం కాదు, డోలి వాళ్లు పాడి చెప్పాలి. పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య అలాంటి పాటగాడే. ఆ గొంతులు తగ్గిపోతున్నాయి. పాట పోతే పడిగె ఉత్త బొమ్మల గుడ్డగా మిగులుతుంది.

మరి రెండు జెండాలకు మొక్కడం తప్పా? పడిగె పాతకాలపు సంగతి, ఒక్క జెండా చాలు అనేవాళ్లు మనలోనే ఉన్నారు. తల్లి మీద ప్రేమ ఉన్నవాడికి ఊరి మీద ప్రేమ తగ్గుతుందా? ఇంకొందరు కోపంగా ఉన్నారు. భూమి పోయింది, పట్టా రాలేదు, ఆ ఆఫీసు మీద ఎగిరే జెండా మనదెలా అవుతుందంటారు. ఆ కోపం న్యాయమైనదే, కానీ ముగింపుతో మేం ఏకీభవించం. జెండా పరాయివాళ్లదైతే దాని కిందికి అర్జీ పట్టుకుని ఎందుకు వెళ్తున్నాం? మనది కాబట్టే అడుగుతున్నాం. మనకు ఇవ్వనివాళ్లే దానికి అపచారం చేస్తున్నారు.

పంతుళ్లకు ఒక్క మనవి. ఈసారి పంద్రాగస్టుకు ముందు జైపాల్ సింగ్ మాట పిల్లలకు చెప్పండి. ఇంటికెళ్లి మన గట్టు ఏది, మన పడిగె ఎవరి దగ్గర ఉంది అని పెద్దల్ని అడిగి రమ్మనండి. పడిగెనే బడికి తెచ్చి గోడకు తగిలించాలని మాత్రం తొందరపడకండి. దాన్ని ఎప్పుడు విప్పాలో, ఎవరు విప్పాలో చెప్పాల్సింది డోలి వాళ్లు, గట్టు పెద్దలు.