కపటము లేని జ్ఞాపకము

(చదువదగిన వాక్యభాగములు: ఆది. 9:20–23, 18:9–15, అపొ. కా. 9:36–42, 2 తిమోతి 1:5)



పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో అతని అవ్వ లోయి పేరు ఒక్కసారి కనబడును. ఆమె ఏమి వండెడిదో, ఎట్లు నవ్వెడిదో, మనుమని ఏమని గదమాయించెడిదో మనకు తెలియదు. ఆమె విశ్వాసములో కపటము లేదని మాత్రము అపొస్తలుడు వ్రాసెను. అయితే కపటము లేక బ్రదికిన అవ్వను గూర్చి, ఆమె పోయిన పిమ్మట మనము కపటముగా మాటలాడవచ్చునా? భూస్థాపన కూటములలో సాక్ష్యములు వినునప్పుడెల్ల మాకు ఈ ప్రశ్న కలుగుచున్నది. ఎవరిని పాతిపెట్టినను మాటలు అవియే: ప్రార్థనాపరురాలు, నెమ్మదిగలది, గుడి మానలేదు, ఎవరిని ఒక్క మాట అనలేదు. పేరు మార్చినచో ఏ అవ్వకైనను సరిపోవును. ఎవరిని ఒక్క మాట అనని అవ్వను మా నందిపేట చుట్టుపట్ల మేము ఇంతవరకు చూడలేదు.

గుంటూరు జిల్లా గుడివాడ గ్రామమున మస్తానమ్మ అను ముసలమ్మ ఉండెడిది. ఫోను చూచువారిలో అనేకులు ఆమెను ఎరుగుదురు. 2016లో ఆమె మునిమనుమడు, అతని స్నేహితుడు కలిసి, ఆమె ఆరుబయట కట్టెల పొయ్యి మీద వంట చేయుచుండగా చిత్రించి యూట్యూబులో పెట్టిరి. అల్లమును గోటితోనే ఒలిచెడిది. పుచ్చకాయ డొల్లలో కోడికూర వండెను. దానిని లోకమంతటను లక్షలాది జనులు చూచిరి. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు 107 ఏండ్లని పత్రికలు వ్రాసినవి. ఆమె వారు ఆమెను దిద్దలేదు, పట్టణపు మాట నేర్పలేదు. ఉన్నది ఉన్నట్లు చూపిరి. జనులు ప్రేమించినది దానినే.

అయితే ఆమె 11 ఏండ్లకు పెండ్లియై, 22 ఏండ్లకు విధవరాలాయెను. ఐదుగురు బిడ్డలలో ఒక్కడే మిగిలెను. కూలి చేసి పొట్ట పోసికొనెను. పుచ్చకాయ కోడికూరను చూచి నవ్వినవారిలో ఆ నలుగురు బిడ్డలను తలంచినవారు ఎందరు? లోకము అవ్వ దుఃఖమును కత్తిరించి నవ్వును ఉంచుకొనును. సంఘములో మనము నవ్వును కత్తిరించి భక్తిని ఉంచుకొందుము. కత్తెర రెండు చోట్లను ఒకటే.

పరిశుద్ధ గ్రంథము ఈ కత్తెరను పట్టదు. శారా గుడారపు ద్వారము వెనుక నిలిచి నవ్వెను. భయపడి, నవ్వలేదనెను. నవ్వితివి అని ప్రభువు చెప్పెను గాని ఆ సంగతిని తుడిచివేయలేదు. పుట్టిన కుమారుని పేరులోనే ఆ నవ్వు నిలిచిపోయెను. హెబ్రీ పత్రిక విశ్వాసవీరుల వరుసలో ఆమెను నిలిపినది. ఆమె నవ్విన అధ్యాయమును ఎవరును చింపలేదు.

మా సంఘములో ఒక అవ్వ ఉండెడిది. పోచంపాడు ప్రాజెక్టులో ఆమె పుట్టినూరు మునిగినది. ఆ ప్రాజెక్టుకు నెహ్రూ గారు 1963లో శంకుస్థాపన చేసిరి. ఎండకాలము గోదావరి నీరు వెనుకకు తగ్గినప్పుడు, ఎవరితోను చెప్పక, ఒక్కతియే నడచిపోయి, తమ ఇంటి గోడ మొదలు ఎక్కడ ఉన్నదో వెదకి, అక్కడ కూర్చుండి అంబలి త్రాగి వచ్చెడిది. బోధను ఫ్యాక్టరీకి చెరకు కొట్టు కాలములో (ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడినది) మగవారితో సమానముగా కూలి అడిగెడిది. ఇయ్యనిచో కొడవలి క్రింద పెట్టి కూర్చుండెడిది. రూతు కథను బతుకమ్మ బాణీలో కట్టి పాడెడిది. సాయంకాలము కల్లు త్రాగుటయు ఉండెను. ప్రసంగము పొడవైనచో "అయ్యగారు, పొయ్యి మీద పప్పున్నది" అని గుడిలోనే అనెడిది.

ఆమె పోయినప్పుడు పెద్ద కుమారుడు మా యొద్దకు వచ్చి, బతుకమ్మ పాట మాట, కల్లు మాట ఎత్తవద్దని బ్రతిమాలెను. అతడు సంఘ పెద్ద. నలుగురిలో నగుబాటగునని అతని భయము. మనుమరాలు మాత్రము, "పాట లేకుంటే అది మా నాయనమ్మే కాదు" అని ఏడ్చెను. ఎవరి మాట న్యాయము?

కుమారుని భయమును మేము తేలికగా కొట్టివేయము. నోవహు మత్తుడై పడియుండగా హాము బయటికి పోయి చెప్పెను. షేము, యాపెతు వెనుకకు నడచి కప్పిరి. కప్పినవారికే దీవెన కలిగెను. కనుక నిజమైనదంతయు సమాధి యొద్ద చెప్పవలెనని లేదు. కల్లు మాట మేము ఎత్తలేదు. ఆ విషయమై మా సంఘములోనే రెండు తలంపులు కలవు. శవపేటిక ముందు ఆ తగవు పెట్టుట ఆమెకు మేలు కాదు. అయితే పాట అట్టిది కాదు. కూలి అడుగుట పాపము కాదు. మునిగిన ఇంటిని చూడబోవుట సిగ్గుపడదగిన సంగతి కాదు. మనకు ఇబ్బందిగా ఉన్న ప్రతిదానిని పాపమని పేరు పెట్టి కప్పుట షేము చేసిన పని కాదు. ఆమె దిగంబరత్వమును కాదు, మన మర్యాదను మనము కప్పుకొనుచున్నాము.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురునకు ఆమె గుణములను వర్ణించినట్లు లూకా వ్రాయలేదు. ఏడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చూపిరి. ఆమె చేతిపని ఆమెదే గాని వేరొకతెది కానేరదు.

మనుమరాలు ఆ దినమున రూతు పాట పాడినది. సగములో గొంతు పూడిపోగా, వెనుక వరుసలోని ముసలమ్మలు అందుకొనిరి. ఆ పాట వారికందరికి వచ్చునని మేము అప్పుడే ఎరిగితిమి. కుమారుడు తలవంచుకొని వినెను. అతడు సమాధానపడెనో లేదో మేము అడుగలేదు.

మా భూస్థాపన రిజిస్టరులో పేరు, వయస్సు, బాప్తిస్మము, మరణ దినము వ్రాయు గడులు కలవు. చివరి గడి వెడల్పైనది. చాలవరకు ఖాళీగానే ఉన్నది. వచ్చు నెల మొదటి ఆదివారము ఆరాధన పిమ్మట స్త్రీల మైత్రి కూటములో ఒక నోటుపుస్తకము పెట్టుదుము. మీ ఇండ్లలో బ్రదికియున్న అవ్వలను, నడువలేనిచో బండి మీదనైనను, తీసికొని రండి. వారు చెప్పుదురు, చదువుకొన్న పిల్లలు వ్రాయుదురు. పొయ్యి మీద పప్పున్నవారిని ముందుగా పంపుదుము.