కాఫీగిన్నె – మనుష్యమర్యాద

రుచి నాగరికమైనంత మాత్రమున మనుష్యుడు నాగరికుడగునా? జపానుదేశపు కాఫీచరిత్రమును చదువుచుండగా నాకీ ప్రశ్న కలిగినది.

జపానీయులు తరతరములుగా తేనీటిని సేవించువారు. అట్టి దేశమున 1888వ సంవత్సరమున, టోక్యోనగరమందలి ఉయెనోలో, అమెరికాకు పోయి చదివివచ్చిన తెయ్ ఎయ్‌కెయ్ యనునతడు కాఫీశాల నొకదానిని తెరచెను. అంతకు ఐదేండ్లకు ముందే ప్రభువులు విదేశపు దొరలతో గూడి విందులు సేయుటకు రొకుమెయ్‌కాన్ అను మేడ వెలసియుండెను. సామాన్యులకును విద్యార్థులకును కూర్చుండి, పత్రికలు చదువుకొని, నలుగురితో సంభాషించుట కొక చోటు కావలెనని యీతని తలంపు. కొలది యేండ్లకే యా శాల మూతపడినది. తలంపు మాత్రము నిలిచినది. 1911లో గింజావీథిని వెలసిన కఫే పౌలిస్టాలో ఐదు సెన్నులకే గిన్నెడు కాఫీ దొరకుచుండుటచే, విద్యార్థులును రచయితలును అచట గుమిగూడిరి.

ఇంతవరకు చదివి సంతసించితిని. కాని ఆ చవుకదనమునకు మూలమేమి? 1908లో కసాటోమారు అను ఓడ 781 మంది జపానీయులను బ్రెజిలునకు గొనిపోయినది. వారు కాఫీతోటలలో కూలి చేయబోయినవారు. ఆ వలసను నడపిన మిజునో ర్యో యనునతడే పౌలిస్టాను స్థాపించినవాడు. అందులకు ప్రతిఫలముగా సావోపౌలో ప్రభుత్వము అతనికి గింజలను వెల లేకుండ నిచ్చెను. గింజావీథిలో రచయితలు చర్చలు సాగించుచుండగా, వారి దేశీయులే సముద్రమున కావల గింజలు కోయుచుండిరి. గిన్నెకు ముందు కూర్చున్నవారు సమానులే. గిన్నెకు వెనుక నున్నవారి మాట యేమి?

ఇక మన సంగతి చూతము. మా బీర్పూరు ప్రాంతమున కాఫీకంటె చాయకే ఆదరణ మెండు. నా చిన్నతనమున, 1990 ప్రాంతమున, చుట్టుపట్ల నొక పల్లెలోని చాయదుకాణమున గ్లాసులు రెండు తెగలుగా నుండెడివి. లోపలివి కొందరికి, వెలుపలి గూటిలోనివి కొందరికి. వెలుపల త్రాగినవారు తమ గ్లాసును తామే కడిగి బోర్లించవలెను. బడిలో నాతో ఒక్క బల్లపై కూర్చుండి చదివిన మిత్రుడు వెలుపల త్రాగెను. నేను లోపల త్రాగితిని. ఇద్దరమును ఆ సంగతి నెన్నడును ఎత్తలేదు. అస్పృశ్యతను రాజ్యాంగము 1950లోనే నిషేధించియుండెను; 1955లో దానిని శిక్షించు శాసనమును వచ్చియుండెను.

పిదప కాగితపు కప్పులు వచ్చినవి. ఆ గూడు పోయినది. మన హృదయములు మారినవని పొంగిపోయితిమి. కాని త్రాగి పారవేయు కప్పును మరియొకరు ముట్టుట లేదు గావున, అచట మనకు పరీక్షయే లేదు. పరీక్ష యింటిలో నున్నది.

మొన్న అతిథులు వచ్చినప్పుడు అరకు కాఫీ కాచితిమి. ఆ గింజలకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినదనియు, తూర్పుకనుమలలో ఆదివాసి రైతులు వానిని చెట్లనీడను పండింతురనియు నేను గర్వముతో చెప్పుచుంటిని. అంతలో నా దృష్టి వంటయింటి కిటికీపై బడినది. మా యింట పాత్రలు తోము నామె గ్లాసు అచట వేరుగా నున్నది. ఎన్ని యేండ్లనుండి యున్నదో నాకు తెలియదు. ఇన్నినాళ్లు నేను చూడకుంటినని మాత్రము తెలిసినది. అడుగగా, ఆమెయే వేరుగా నుంచుమన్నదని మా అమ్మ చెప్పినది. ఆమె చేత ఆ మాట పలికించిన దెవరు?

ఆ గ్లాసును తక్కినవానిలో గలిపితిని. మరునాడామె కిటికీవైపు చూచి, తన గ్లాసు కానరాకపోగా, నేనందిచ్చిన కప్పును నిలుచుండియే త్రాగెను. “కూర్చుండుము, అక్కా” అంటిని; కూర్చుండలేదు. గ్లాసు నొక్క దినమున మార్చవచ్చును, నమ్మకమట్లు రాదు. దానిని సంపాదింపవలసినవారము మేమే.

జపానులోని పాత కాఫీశాలలలో యజమాని ఒక్కొక్క అతిథికై ఒక్కొక్క గిన్నెను నింపాదిగా వేరుగా వడకట్టును. అచట వేరుగా చేయుట ఆదరణకు గుర్తు. మా కిటికీపై వేరుగా నుంచుట తిరస్కారమునకు గుర్తు. చదువరులారా, రేపటి యుదయమున కాఫీ కాచుటకు ముందు మీ యింటి కిటికీ నొకమారు చూడుడు.