పిల్లలు అడిగిన నాడు ఏమి చెప్పెదము?

వాక్యభాగము: యెహోషువ 4:1–7



నవంబరు 1వ తేదీ సకల పరిశుద్ధుల దినము. మరునాడు మన ఊళ్లలో సమాధుల పండుగ. వీటికి ముందటి సాయంకాలము, అనగా అక్టోబరు 31న, పడమటి దేశములలో హాలోవీన్ అను వేడుక జరుగును. ఆ మాటకు పరిశుద్ధుల దినమునకు ముందటి సాయంకాలమని మాత్రమే అర్థము. ఐర్లండు, స్కాట్లండు దేశములనుండి వలసపోయినవారు 19వ శతాబ్దములో దానిని అమెరికాకు కొనిపోయిరి. అక్కడ గుమ్మడికాయను తొలిచి లోపల దీపము పెట్టుదురు. పిల్లలు దయ్యముల వేషములు వేసికొని ఇంటింటికి పోయి మిఠాయిలు అడుగుదురు. ఇప్పుడు ఈ వేడుక సెల్‌ఫోను ద్వారా మన పల్లెల పిల్లల కంట కూడ పడుచున్నది.

దయ్యములతో ఆటలాడుట విశ్వాసికి తగదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము చదివినవారికి ఇది తెలిసినదే. అయితే ఇందులో మనము గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. పరిశుద్ధుల పేరు పెట్టుకొన్న సాయంకాలములో పరిశుద్ధులు కనబడరు, దయ్యములు కనబడుచున్నవి. ఇది ఎట్లు జరిగెను? జనులు తమవారిని గూర్చి చెప్పుకొనుట మానినప్పుడు ఆ ఖాళీ స్థలములో భయము వచ్చి కూర్చుండును.

మన ఊరి సమాధుల దొడ్డిని చూడుడి. సందె పడిన తరువాత పిల్లలు ఆ దారిని నడువరు. ఏల? అక్కడ పండుకొన్నవారు ఎవరో వారికి తెలియదు. "ఇక్కడ మీ తాత ఉన్నాడు, నిన్ను చూడకమునుపే నీకొరకు ప్రార్థన చేసినాడు" అని చెప్పబడిన బిడ్డ ఆ చోటికి భయపడునా? పేరు తెలిసిన చోట దయ్యమునకు తావు లేదు.

యొర్దాను దాటిన దినమున యెహోషువ ఏమి చేయించెను? గోత్రమునకు ఒక్కరు చొప్పున పన్నిద్దరు మనుష్యులు నది నడుమనుండి పన్నెండు రాళ్లు ఎత్తుకొని వచ్చిరి. ముందు దినములలో పిల్లలు ఆ రాళ్లను గూర్చి అడుగుదురనియు, పెద్దలు జవాబు చెప్పవలెననియు దేవుడు ఏర్పాటు చేసెను. రాయి తనంతట మాటలాడదు. చెప్పు నోరు ఇంట ఉండవలెను.

నీళ్ల సంగతి మన ప్రాంతమువారికి బాగుగా తెలియును. కరీంనగర్ ప్రక్కన దిగువ మానేరు ఆనకట్ట 1985లో పూర్తియాయెను. ఆ తరువాత మిడ్ మానేరు వచ్చెను. పొలములకు నీరు దొరికినది. అయితే కొన్ని ఊళ్లు నీటి పాలాయెను. ఊరితోపాటు ఇండ్లు, చెట్లు, సమాధులు కూడ మునిగిపోయెను. ఆ కుటుంబములు పండుగ దినమున ఎక్కడ దీపము వెలిగించవలెను? వారు నీటి నడుమనుండి తెచ్చుకొనగల రాయి ఒక్కటే: జ్ఞాపకము. దానిని కూడ పోగొట్టుకొనిన యెడల ఏమి మిగులును?

మునగని ఊళ్లలో కూడ ఈ నష్టము జరుగుచున్నది. తండ్రి దుబాయిలోనో మస్కటులోనో ఉండును. అన్న మంచిర్యాల, గోదావరిఖని గనులలో పనిచేయును. తల్లి బీడీల చాట ముందర పెట్టుకొని దినమంతయు వంగి యుండును. ఇంటి కథ బాపమ్మ ఒక్కతె యొద్దనే యున్నది. ఆమె కన్ను మూసిన దినమున ఆ కథ కూడ సమాధిలోనికి దిగును.

అది చిన్న కథ కాదు. మన ముత్తాతలలో అనేకులు ఊరి బావి దగ్గరకు పోలేనివారు, బడి గడప త్రొక్కలేనివారు. అట్టివారు ప్రభువు నామము విని తల యెత్తిరి, తమ బిడ్డలకు అక్షరములు నేర్పించుకొనిరి. ఈనాడు నీ బిడ్డ చేతిలో నున్న పలక వెనుక వారి కన్నీరున్నది. తిమోతి విశ్వాసమును గూర్చి వ్రాయుచు పౌలు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేర్లు పెట్టి తలంచెను (2 తిమోతి 1:5). మీ యింటి లోయి ఎవరు?

కావున ఈ సంవత్సరము అక్టోబరు 31 సాయంకాలమున మీ యింట ఈ పనులు చేయుడి.

మొదట, దీపము వెలిగించి, పిల్లలను బాపమ్మ చుట్టు కూర్చుండబెట్టుడి. "బాపమ్మా, మన ఇంట్ల మొదలు బాప్తిస్మం తీసుకున్నది ఎవరే?" అని బిడ్డలచేతనే అడిగించుడి. దయ్యములు చూపు ఆ సెల్‌ఫోనే ఆమె మాటను పట్టి దాచగలదు. దూరదేశమందున్న తండ్రి కూడ దానిలోనే వినగలడు.

రెండవది, ఇంటి బైబిలులోని ఖాళీ పుటలో పేర్లు వ్రాయుడి. తేదీ తెలియని యెడల గుడిలోని బాప్తిస్మపు పుస్తకము చూపుమని మీ పాస్టరుగారిని అడుగుడి. పాత ఫొటోల వెనుక పెన్సిలుతో మెల్లగా పేర్లు వ్రాసి, చెదలు చేరని చోట ఉంచుడి.

మూడవది, వానలకు పెరిగిన గడ్డిని పిల్లలతో కలిసి సమాధులమీదనుండి తీసివేయుడి.

చెప్పునప్పుడు నిజము చెప్పుడి. తాత త్రాగుబోతై తరువాత మారినయెడల అదియు చెప్పుడి. దావీదు పాపమును బైబిలు దాచలేదు. చిన్నతనమున చనిపోయిన బిడ్డ పేరును ఏ తల్లియైన పలుకలేకపోయిన యెడల ఆమెను బలవంతము చేయకుడి. ప్రక్కన కూర్చుండుడి, చాలును.

ఒక హెచ్చరిక. మనము చనిపోయినవారికి అన్నము పెట్టము, వారిని వేడుకొనము. 1517 అక్టోబరు 31న విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథరు తన 95 వాదములను వెలువరించినది పాపక్షమాపణ పత్రముల వ్యాపారమును ఎదిరించుటకే. చనిపోయినవారి ఆత్మల పేరట కూడ ఆ పత్రములు అమ్ముచుండిరి. మనవారు ప్రభువు చేతిలో నున్నారు; వారికొరకు మనము కొనవలసినది ఏదియు లేదు. అయితే వారికి కృతజ్ఞత చూపవలెను, వారి దేవుని మన బిడ్డలకు చూపవలెను. ఆయన సజీవుల దేవుడని మన ప్రభువు చెప్పెను (లూకా 20:38).

ప్రార్థన: మా పితరుల దేవా, మాకు ముందు నడచినవారి కొరకు నీకు స్తోత్రము. మా బిడ్డలు అడుగు దినమున మా నోట జవాబుంచుము. యేసు నామమున, ఆమేన్.